పోర్టబుల్ టెలిస్కోపా, పెద్ద టెలిస్కోపా? ఆస్ట్రోఫొటోగ్రఫీ మొదలుపెట్టేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఫొటోల కోసం మొదటి టెలిస్కోప్ కొందామనుకునేవాళ్లు దాదాపు అందరూ ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్తుంటే ప్రతిసారీ ఏదో ఒకటి మర్చిపోతున్నాను, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ప్రశ్నలు మీరు అడిగిన మాటల్లోనే ఉంచాను. మొదటినుంచీ చదవక్కర్లేదు, మీకు కావాల్సిన చోటికి నేరుగా వెళ్ళిపోండి. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తాను: నెబ్యులాలూ (అంతరిక్షంలో వాయువు, ధూళి మేఘాలు) గెలాక్సీలూ తీయాలనుకునేవాళ్లకి టెలిస్కోప్ ఎంత పెద్దదన్నదాని కంటే అది ఏడాదిలో ఎన్ని రాత్రులు బయటికి వస్తుందన్నదే ముఖ్యం. గ్రహాల దగ్గర మాత్రం లెక్క మారుతుంది, అక్కడ పెద్దదే గెలుస్తుంది.

## కొనే ముందు

పెద్ద టెలిస్కోప్ అయితే ఫొటోలు ఇంకా బాగా వస్తాయి కదా, చిన్నది ఎందుకు కొనాలి?

కంటితో చూడటానికైతే మీరన్నది నిజం. కన్ను వెలుగుని దాచిపెట్టుకోలేదు, ఆ క్షణంలో ఎంత అందితే అంతే కనిపిస్తుంది, కాబట్టి 80 మి.మీ. లెన్సు కంటే ఆరు రెట్లకు పైగా వెలుగు పట్టే 200 మి.మీ. అద్దం దగ్గర తేడా వెంటనే తెలుస్తుంది. కెమెరా అలా కాదు. ఈ రాత్రి మూడు గంటలు, రేపు ఇంకో మూడు గంటలు, వచ్చే వారం మరో నాలుగు, ఇలా పోగేసుకుంటూ పోతుంది, అన్నీ కలిపి ఒకే ఫొటో చేసుకోవచ్చు. పైగా నెబ్యులా లాంటి పరుచుకుని ఉండే వస్తువుల విషయంలో, అదే కెమెరా వాడితే, ఒక్కో పిక్సెల్‌కి అందే వెలుగుని నిర్ణయించేది ఎఫ్ రేషియో, అంటే ఫోకల్ లెంగ్త్‌ని (లెన్సు లేదా అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి ఉన్న దూరం) అపర్చర్‌తో (లెన్సు లేదా అద్దం వెడల్పు) భాగిస్తే వచ్చే అంకె. ఎఫ్/5 చిన్న టెలిస్కోప్ ఒక పిక్సెల్‌కి ఇచ్చే వెలుగు ఎఫ్/10 పెద్ద టెలిస్కోప్ ఇచ్చేదానికి నాలుగు రెట్లు. పెద్దదాంట్లో బొమ్మ పెద్దగా, వివరంగా ఉంటుంది, కాదనను, కానీ ఆ వివరం దక్కాలంటే మౌంటూ (టెలిస్కోప్‌ని మోస్తూ ఆకాశంతో పాటు తిప్పే పరికరం), గాలీ, ఆకాశం మూడూ ఒకేసారి అనుకూలించాలి.

పోర్టబుల్ అంటే అసలు ఎన్ని కిలోల లోపు?

ట్యూబు బరువు ఒక్కటే చూసి మోసపోవద్దు. 60 నుంచి 80 మి.మీ. రిఫ్రాక్టర్ (లెన్సు టెలిస్కోప్) రెండు మూడు కిలోలు ఉంటుంది, కెమెరా, గైడ్ స్కోప్ (మౌంట్ దారి తప్పుతోందేమో చూసే చిన్న టెలిస్కోప్), వైర్లు అన్నీ కలిపినా ఐదు కిలోలు దాటదు. 8 అంగుళాల ష్మిట్-కాసెగ్రెయిన్ (ముందు గాజు పలక, వెనక అద్దం ఉండే పొట్టి టెలిస్కోప్) ట్యూబు కూడా ఆరు కిలోల దగ్గరే ఉంటుంది, అది చూసి చాలామంది "ఇదీ పోర్టబులే కదా" అంటారు. కానీ దాంతో ఫొటోలు తీయడానికి కావాల్సిన మౌంట్ తల ఒక్కటే 17 కిలోల దాకా ఉంటుంది, దానికి తోడు ఒక్కొక్కటి ఐదు కిలోల బరువు దిమ్మెలు రెండు, స్టాండు ఏడు కిలోలు, బ్యాటరీ వేరే. 11 అంగుళాలకి వెళ్తే ట్యూబే పన్నెండు కిలోలు దాటుతుంది.

నేను వాడే కొలత ఒకటే: సామానంతా బయటికి చేర్చడానికి ఎన్నిసార్లు తిరగాలి? ఒకసారి, మహా అయితే రెండుసార్లు అయితే అది పోర్టబుల్. నా దగ్గర కొన్నాళ్లు 10 అంగుళాల న్యూటోనియన్ (అద్దంతో పనిచేసే పొడవాటి టెలిస్కోప్) ఉండేది. మూడో అంతస్తు నుంచి కిందికి ఐదుసార్లు తిరగాలి, చివరిసారి ట్యూబుని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని మెట్టు కనపడక కాలితో తడుముకుంటూ దిగేవాడిని. ఆకాశం బ్రహ్మాండంగా ఉన్న రాత్రులు కూడా "రేపు ఆఫీసుంది, ఇప్పుడెవరు దింపుతారు" అనిపించి పడుకున్న రోజులు ఎన్నో. తర్వాత 72 మి.మీ. రిఫ్రాక్టర్ వచ్చాక అన్నం తిని, చెయ్యి కడుక్కుని, పావుగంటలో ఫొటోలు మొదలుపెట్టేవాడిని. గంటల లెక్కన చూస్తే చిన్నది మొదటి ఆరు నెలల్లోనే పెద్దదాన్ని దాటేసింది.

నేను ఏం ఫొటోలు తీయాలో నాకే తెలియదు. ఎలా తేల్చుకోవాలి?

ఆకాశంలో మీకు నచ్చే వస్తువు ఎంత సైజుందో చూడండి, టెలిస్కోప్ దాదాపు దానంతటదే తేలిపోతుంది. కొలతకి నిండు చందమామని పెట్టుకోండి, అది అర డిగ్రీ ఉంటుంది. ఆండ్రోమెడా గెలాక్సీ సుమారు మూడు డిగ్రీల పొడవు, అంటే ఆరు చందమామలు వరసగా పేర్చినంత. కృత్తికలు రెండు డిగ్రీల దాకా పరుచుకుంటాయి. ఓరియన్ నెబ్యులా ఒక డిగ్రీ పైమాట. ఇవన్నీ చిన్న టెలిస్కోప్‌కి అచ్చంగా సరిపోయే వస్తువులు, పెద్దదాంట్లో మధ్య ముక్క ఒక్కటే పడుతుంది.

ఇప్పుడు రెండో వైపు చూడండి. డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్‌మినిట్. ఎం51 సుడి గెలాక్సీ పదకొండు ఆర్క్‌మినిట్లు, ఎం57 ఉంగరం నెబ్యులా ఒకటిన్నర ఆర్క్‌మినిట్ కూడా ఉండదు. గురుడు బాగా దగ్గరికొచ్చినప్పుడు కూడా 50 ఆర్క్‌సెకన్లే, అంటే ఒక ఆర్క్‌మినిట్ కంటే తక్కువ. మీ మనసు వీటి మీదే ఉంటే పొడవాటి ఫోకల్ లెంగ్త్ కావాలి, అంటే పెద్ద టెలిస్కోప్ వైపే వెళ్ళాలి. ఇంకా తేలకపోతే చిన్నదే తీసుకోండి, పెద్ద వస్తువులన్నీ ముగించడానికే రెండు మూడేళ్లు పడుతుంది.

చిన్న టెలిస్కోప్‌తో నిజంగా చెప్పుకోదగ్గ పని ఎవరైనా చేశారా?

చేశారు, అదీ ఎవరూ ఊహించని చోట. ఆండ్రోమెడా గెలాక్సీని ఫొటో తీయని ఔత్సాహికుడు ఉండడు, వందేళ్లుగా పెద్ద పెద్ద అబ్జర్వేటరీలు కూడా తీస్తూనే ఉన్నాయి. అయినా 2022లో యాన్ సెంటీ, మార్సెల్ డ్రెక్స్‌లర్, జేవియర్ స్ట్రోట్నర్ అనే ఔత్సాహికులు 106 మి.మీ. రిఫ్రాక్టర్‌తో, ఆక్సిజన్ ఫిల్టర్ పెట్టి, రాత్రుల తరబడి ఎక్స్‌పోజర్లు పోగేసి ఆ గెలాక్సీ పక్కనే ఒక పెద్ద నీలిరంగు వంపుని బయటపెట్టారు. అంతకుముందు ఎవరికీ కనపడలేదు. అంత మసకగా, అంత వెడల్పుగా ఉన్నదాన్ని పట్టాలంటే వెడల్పైన ఫీల్డూ, ఓపికా రెండూ కావాలి.

ఇంకొకటి, ఇది వృత్తి శాస్త్రవేత్తల పని. పీటర్ వాన్ డోకమ్, రాబర్టో ఏబ్రహాం కలిసి డ్రాగన్‌ఫ్లై అనే పరికరం కట్టారు. దాంట్లో పెద్ద అద్దం లేదు, 400 మి.మీ. ఎఫ్/2.8 కెనాన్ టెలీఫొటో లెన్సులు ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఒకే చోటికి గురిపెట్టారు, తర్వాత్తర్వాత వాటి సంఖ్య 48కి చేరింది. కోమా గెలాక్సీల గుంపులో అతి పల్చని గెలాక్సీలు 47 ఉన్నాయని 2015లో ప్రకటించింది ఈ లెన్సులతోనే.

స్మార్ట్ టెలిస్కోప్ కొంటే సరిపోదా? ఫోన్ నుంచే అన్నీ అయిపోతాయంటున్నారు.

ఆకాశం మీద ఇష్టం ఉంది, పరికరాలతో కుస్తీ పట్టే ఓపిక లేదు అంటే నిస్సంకోచంగా కొనండి. సీస్టార్ ఎస్50 లాంటిది తీసుకుంటే 50 మి.మీ. అపర్చర్, 250 మి.మీ. ఫోకల్ లెంగ్త్, బరువు రెండున్నర కిలోల దగ్గర, వస్తువుని అదే వెతుక్కుంటుంది, అదే ఫోకస్ చేసుకుంటుంది, వచ్చిన ఫ్రేములని అక్కడికక్కడే కలుపుతుంది. దాని సెన్సర్ చిన్నది, రెండు మెగాపిక్సెళ్లే, కాబట్టి ఆండ్రోమెడా మొత్తం ఒక ఫ్రేములో పట్టదు, ముక్కలుగా తీసి అతికించాలి. గ్రహాలు చిన్న చుక్కల్లా వస్తాయి. రేపు కెమెరా మార్చుదాం, లెన్సు మార్చుదాం అంటే కుదరదు. నేర్చుకుంటూ ఎదగాలనుకునేవాళ్లకి విడిభాగాల సెటప్పే మంచిదని నా మాట, ఎందుకంటే అందులో ఏ ముక్క పాతబడితే ఆ ముక్కే మార్చుకుంటారు.

టెలిస్కోప్ లేకుండా నా దగ్గరున్న కెమెరా లెన్సుతోనే మొదలుపెట్టొచ్చా?

తప్పకుండా. 135 మి.మీ. లేదా 200 మి.మీ. లెన్సు, దాని కింద ఒక స్టార్ ట్రాకర్ (కెమెరాని ఆకాశంతో పాటు తిప్పే చిన్న మౌంట్), అంతే. ధ్రువ నక్షత్రం వైపు గురి (పోలార్ అలైన్‌మెంట్) సరిగ్గా కుదిరితే నిమిషం, రెండు నిమిషాల ఎక్స్‌పోజర్లు హాయిగా వస్తాయి. పోలార్ అలైన్‌మెంట్, ఫోకస్, స్టాకింగ్ (ఫ్రేములని ఒకటిగా కలపడం) ఈ మూడూ ఇక్కడే చేతికి వచ్చేస్తే టెలిస్కోప్ కొన్న మొదటి రాత్రి టెన్షన్ ఉండదు.

## అంకెలు చూసుకునేటప్పుడు

అపర్చర్ చూడాలా, ఫోకల్ లెంగ్త్ చూడాలా?

ఫొటోలకైతే ముందు ఫోకల్ లెంగ్త్. ఫ్రేములో ఎంత ఆకాశం పడుతుందో, మౌంట్ ఎంత కచ్చితంగా తిరగాలో రెండూ దానిమీదే ఆధారపడతాయి. ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్న మామూలు కెమెరాని 400 మి.మీ. టెలిస్కోప్‌కి తగిలిస్తే సుమారు మూడుంపావు డిగ్రీల వెడల్పు, రెండుంపావు డిగ్రీల ఎత్తు పడుతుంది. అదే కెమెరాని 2000 మి.మీ. దానికి పెడితే 0.67 డిగ్రీల వెడల్పు, 0.45 డిగ్రీల ఎత్తు. అంటే నిండు చందమామ కూడా ఫ్రేములో పూర్తిగా పట్టదు, పైనో కిందో అంచు తెగిపోతుంది. పెద్దది కొన్న మొదటి రాత్రి చందమామ వైపు తిప్పి "ఇదేంటి" అని కంగారుపడేవాళ్లు చాలామంది, పరికరంలో లోపమేమీ లేదు, లెక్కే అంత.

నా కెమెరాకి ఏ టెలిస్కోప్ సరిపోతుందో లెక్క ఎలా వేయాలి?

పిక్సెల్ సైజుని మైక్రాన్లలో తీసుకుని 206తో గుణించి, ఫోకల్ లెంగ్త్‌ని మి.మీ.లో పెట్టి భాగించండి. వచ్చేది ఒక పిక్సెల్‌లో ఎన్ని ఆర్క్‌సెకన్ల ఆకాశం పడుతుందో ఆ అంకె. ఇప్పుడు బాగా వాడకంలో ఉన్న 3.76 మైక్రాన్ల సెన్సర్లతో చూస్తే 400 మి.మీ. దగ్గర 1.9 వస్తుంది, 2000 మి.మీ. దగ్గర 0.39 వస్తుంది. నెబ్యులాలకీ గెలాక్సీలకీ ఈ అంకె ఒకటి నుంచి రెండు మధ్య ఉంటే మామూలు రాత్రుల్లో హాయిగా పని జరుగుతుంది. రెండు దాటినా కంగారు వద్దు, నక్షత్రాలు కొంచెం చతురస్రంగా కనిపిస్తాయేమో గానీ వెడల్పైన ఫొటోల్లో ఎవరూ పట్టించుకోరు. అర కంటే తగ్గితే మాత్రం సన్నటి వివరం దొరక్కపోగా వెలుగు ఎక్కువ పిక్సెళ్ల మీద పల్చబడిపోతుంది.

పెద్ద టెలిస్కోప్ ఇంకా సూక్ష్మంగా చూస్తుంది కదా, ఆ లాభం ఎందుకు పోతుంది?

పోయేది గాలి వల్ల. 80 మి.మీ. లెన్సు సిద్ధాంతపరంగా 1.45 ఆర్క్‌సెకన్ల దూరంలో ఉన్న రెండు నక్షత్రాలని విడదీస్తుంది, 200 మి.మీ. అయితే 0.58. కాగితం మీద తేడా రెండున్నర రెట్లు. కానీ మన నెత్తిమీద గాలి పొరలు ఒక్కొక్కటి ఒక్కో వేడిలో కదులుతూ ఉంటాయి, నక్షత్రం మిణుకుమనేది అందుకే, దాన్నే సీయింగ్ అంటారు. చాలా చోట్ల మామూలు రాత్రి ఆ చెదిరింపు రెండు నుంచి నాలుగు ఆర్క్‌సెకన్లు ఉంటుంది. ఐదు నిమిషాల ఎక్స్‌పోజర్‌లో ఈ మిణుకంతా కలిసిపోయి నక్షత్రం ఉబ్బిపోతుంది, అప్పుడు 80కీ 200కీ వివరంలో తేడా చాలావరకు కరిగిపోతుంది. సీయింగ్ ఒకటిన్నర లోపు ఉండే మంచి చోటు, కదలని మౌంట్ ఉన్నవాళ్లకి మాత్రం పెద్ద అద్దం తన సత్తా చూపిస్తుంది.

పెద్దది కొని రెడ్యూసర్ పెట్టుకుంటే రెండు పనులూ అవుతాయా?

సగమే అవుతుంది. రెడ్యూసర్ అంటే ఫోకల్ లెంగ్త్‌ని తగ్గించే లెన్సు. 8 అంగుళాల ష్మిట్-కాసెగ్రెయిన్ 2032 మి.మీ., దానికి 0.63 రెడ్యూసర్ పెడితే 1280 మి.మీ. దగ్గరకి వస్తుంది, ఎఫ్/10 కాస్తా ఎఫ్/6.3 అవుతుంది. మేలే, కానీ ఏపీఎస్-సీ కెమెరాతో ఒక డిగ్రీ మాత్రమే పడుతుంది. మౌంట్ బరువులో మార్పేమీ ఉండదు. ఆర్‌ఏఎస్‌ఏ 8 లాంటివి (కెమెరాని ట్యూబు ముందువైపు పెట్టే, ఫొటోలకే చేసిన టెలిస్కోప్‌లు) వేరే దారి, 203 మి.మీ. అపర్చర్‌తో 400 మి.మీ. ఫోకల్ లెంగ్త్, ఎఫ్/2, వెలుగు కుండపోతలా పడుతుంది. అయితే ఫోకస్ కాగితం మందం తేడా వచ్చినా చెడుతుంది, కెమెరా రవ్వంత వంగినా ఒక మూల నక్షత్రాలు పాడవుతాయి, దాంతో గ్రహాలు తీసే అవకాశం ఉండదు, కంటితో చూడటానికీ పనికిరాదు. మొదటి టెలిస్కోప్‌గా నేను చెప్పను.

చిన్న రిఫ్రాక్టర్లలో ఏది చూసి కొనాలి?

మామూలు అక్రోమాట్ (సాధారణ గాజుతో చేసిన రెండు లెన్సులది) వద్దు, ప్రకాశవంతమైన నక్షత్రాల చుట్టూ నీలం, ఊదా రంగు పొగ వస్తుంది. ఈడీ గాజు (రంగుల చెదిరింపుని తగ్గించే గాజు) ఉన్న డబ్లెట్ (రెండు లెన్సులది) చాలు, ట్రిప్లెట్ (మూడు లెన్సులది) అయితే ఇంకా శుభ్రంగా ఉంటుంది. ఫీల్డ్ ఫ్లాటనర్ లేకపోతే మూలల్లో నక్షత్రాలు తోకచుక్కల్లా సాగుతాయి, అది లోపలే ఉందో విడిగా కొనాలో ముందే అడగండి. ఫోకసర్ బరువైన కెమెరాని జారకుండా పట్టుకోవాలి. ఇంతే.

## మౌంట్ దగ్గర

మౌంట్ మీద 20 కిలోలు మోస్తుందని రాసుంది, 18 కిలోల సెటప్ పెట్టొచ్చా?

కంటితో చూడటానికైతే పెట్టండి. ఫొటోలకి రాసిన దాంట్లో సగమే లెక్కలోకి తీసుకోండి. 20 కిలోల మౌంట్ మీద పది కిలోలు పెడితే నిశ్చింత, చిన్న ఫోకల్ లెంగ్త్ అయితే పన్నెండు, పదమూడు దాకా వెళ్ళొచ్చు. బరువుతో పాటు పొడవు కూడా లెక్కే. రెండూ పది కిలోలే అయినా మీటరు పొడవున్న న్యూటోనియన్ ట్యూబు పొట్టి ట్యూబు కంటే మౌంట్‌ని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, చివర చిన్న గాలి తగిలినా మొత్తం ఊగుతుంది. కొనడానికి పెట్టుకున్న డబ్బులో సగానికి పైగా మౌంట్ మీద పెట్టమని ఎవరడిగినా చెప్తాను. మంచి మౌంట్ మీద మామూలు లెన్సు అందమైన ఫొటో ఇస్తుంది. దీన్ని తిరగేస్తే మాత్రం కుదరదు.

డాబ్సోనియన్ ఉంది, దానికి కెమెరా తగిలించొచ్చా?

డాబ్సోనియన్ అంటే చేత్తో తోసి తిప్పుకునే సాదా మౌంట్ మీద కూర్చున్న న్యూటోనియన్. చందమామకీ గ్రహాలకీ తగిలించొచ్చు, సెకనుకి పదుల ఫ్రేముల వీడియో తీస్తారు కాబట్టి ఎక్స్‌పోజర్ చాలా చిన్నది, చేత్తో తోసుకుంటూ కూడా కొందరు మంచి ఫలితాలు తెస్తారు. నెబ్యులాలకి కుదరదు. ఆకాశం ఖగోళ మధ్యరేఖ దగ్గర సెకనుకి 15 ఆర్క్‌సెకన్లు జరిగిపోతుంది, 1200 మి.మీ. దగ్గర అది సెకనుకి ఇరవైకి పైగా పిక్సెళ్లు. ఇంకో చిక్కు, చాలా డాబ్సోనియన్లలో ఫోకసర్ లోపలికి తగినంత వెళ్ళదు, డీఎస్ఎల్ఆర్ పెడితే ఫోకస్ దొరకనే దొరకదు. బార్లో లెన్సు (ఫోకల్ లెంగ్త్ పెంచే లెన్సు) మధ్యలో పెడితే సాధారణంగా దొరుకుతుంది.

ఆటోమేటిక్‌గా వస్తువుని వెతికే ఆల్ట్-అజిమత్ మౌంట్ ఉంటే చాలదా?

వెతకడం వేరు, ఫొటోకి పట్టుకోవడం వేరు. ఆ మౌంట్ అడ్డంగా, నిలువుగా జరుగుతూ వస్తువుని మధ్యలో ఉంచుతుంది గానీ ఫ్రేము మొత్తం నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది, ఎక్స్‌పోజర్ పొడవు పెరిగితే మధ్య నక్షత్రం గుండ్రంగా, మూలల్లోవి చిన్న వంపుల్లా వస్తాయి. పది, ఇరవై సెకన్ల ఫ్రేములు వందల్లో తీసి కలిపితే సాఫ్ట్‌వేర్ ఆ తిరుగుడుని సరిచేస్తుంది, అంచులు కత్తిరించుకోవాలి. చిన్న టెలిస్కోప్‌తో ఇది బాగానే నడుస్తుంది. పెద్దదాంతో ఈక్వటోరియల్ మౌంట్ (ధ్రువ నక్షత్రం వైపు వాల్చిన ఇరుసు మీద తిరిగేది) తప్పదు.

హార్మోనిక్ మౌంట్లు వచ్చాక పెద్దవి కూడా పోర్టబుల్ అయిపోయాయంటున్నారు, నిజమా?

చాలావరకు నిజం, ఈ మధ్య వచ్చిన మార్పుల్లో నాకు బాగా నచ్చింది కూడా ఇదే. ఐదు కిలోల మౌంట్ బరువు దిమ్మె లేకుండానే పదమూడు కిలోలు మోస్తోంది. 8 అంగుళాల టెలిస్కోప్‌ని ఇప్పుడు రెండు సంచుల్లో పట్టుకెళ్ళొచ్చు. కాకపోతే వీటి గేర్లలో సహజంగానే ఊగిసలాట ఎక్కువ, గైడింగ్ (ఒక నక్షత్రాన్ని చూస్తూ మౌంట్‌ని సరిదిద్దడం) లేకుండా వదిలేస్తే నక్షత్రాలు సాగిపోతాయి, కాబట్టి గైడ్ కెమెరా తప్పనిసరి. స్టాండు తేలికైనది, పైన టెలిస్కోప్ బరువైనది అయినప్పుడు ఒక పక్కకి ఒరిగి పడిపోయే ప్రమాదం ఉంది, కింద బరువు వేలాడదీయండి.

గైడింగ్ అంకె 0.8 వస్తోంది, అది మంచిదేనా?

ఏ టెలిస్కోప్ మీద అన్నదాన్ని బట్టి. గైడింగ్ సాఫ్ట్‌వేర్ చూపించే ఆ అంకె మౌంట్ సగటున ఎన్ని ఆర్క్‌సెకన్లు తప్పుతోందో చెప్తుంది. పిక్సెల్‌కి 1.9 ఆర్క్‌సెకన్లు పడే చిన్న టెలిస్కోప్ మీద 0.8 అంటే అర పిక్సెల్ కూడా కాదు, ఫొటోలో కనపడదు. పిక్సెల్‌కి 0.39 పడే పెద్దదాని మీద అదే 0.8 రెండు పిక్సెళ్లు, ప్రతి నక్షత్రం ఉబ్బుతుంది. మౌంట్ అదే, రాత్రి అదే, ఒకరికి పండగ, ఇంకొకరికి తలనొప్పి. ష్మిట్-కాసెగ్రెయిన్ వాడేవాళ్లు విడి గైడ్ స్కోప్ కాకుండా ఆఫ్-యాక్సిస్ గైడర్ (అదే టెలిస్కోప్ వెలుగులో కొంత గైడ్ కెమెరాకి మళ్ళించేది) పెట్టుకోండి, లోపలి పెద్ద అద్దం కొద్దిగా జరుగుతూ ఉంటుంది, ఆ జరుగుడు బయటున్న గైడ్ స్కోప్‌కి తెలియదు.

## రాత్రి బయట

సెటప్ చేశాక వెంటనే ఫొటోలు మొదలుపెట్టొచ్చా?

చిన్న రిఫ్రాక్టర్ అయితే పోలార్ అలైన్‌మెంట్ చేసుకునేలోపే చల్లబడిపోతుంది. 8 అంగుళాలు, 10 అంగుళాల అద్దం ఇంట్లోంచి తెచ్చాక బయటి చలికి సర్దుకోవడానికి గంట దాకా పడుతుంది. వెచ్చటి అద్దం మీద నుంచి గాలి లేస్తూ ఉంటుంది, నక్షత్రాన్ని ఫోకస్ తప్పించి చూస్తే ఆ గుండ్రటి వెలుగులో పొయ్యి మీద ఆవిరి కదిలినట్టు పాకుతూ కనిపిస్తుంది. అది ఆగేదాకా ఫోకస్ నిలవదు. న్యూటోనియన్ అయితే ప్రతి ప్రయాణం తర్వాతా కొలిమేషన్ (అద్దాల అమరిక) సరిచూసుకోవాలి, అలవాటయ్యాక ఐదు నిమిషాల పనే.

మంచు పడితే ఏం చేయాలి?

ష్మిట్-కాసెగ్రెయిన్ వాడేవాళ్లకి ఇది అన్నిటికంటే పెద్ద బెడద, ఎందుకంటే వాటి ముందు గాజు ఏ నీడా లేకుండా ఆకాశానికి తెరుచుకుని ఉంటుంది. ఒకసారి రాత్రి రెండున్నరకి ఫ్రేముల్లో నక్షత్రాల చుట్టూ పల్చటి వలయాలు మొదలయ్యాయి, మబ్బేమో అనుకున్నాను, పైకి చూస్తే ఆకాశం శుభ్రంగా ఉంది. టార్చి వేస్తే గాజు మొత్తం పాల మీగడ కట్టినట్టు తెల్లగా ఉంది. గుడ్డ పెట్టి తుడవద్దు, పూత గీసుకుపోతుంది. హీటర్ పట్టీ, పొడవాటి డ్యూ షీల్డ్ (ముందు తొడిగే గొట్టం) ముందునుంచే పెట్టుకోండి, మంచు పట్టాక కాదు. రిఫ్రాక్టర్లకి ముందు గొట్టం ఉండటం వల్ల కొంత రక్షణ ఉంటుంది, తేమ బాగా ఉన్న రాత్రి వాటికీ పట్టీ కావాలి. న్యూటోనియన్ పెద్ద అద్దం ట్యూబు అడుగున ఉంటుంది కాబట్టి దానికి ఇబ్బంది తక్కువ, పైనున్న చిన్న అద్దానికి పట్టొచ్చు.

మా ఊళ్ళో వీధిలైట్ల వెలుగు ఎక్కువ, పెద్ద టెలిస్కోప్ దాన్ని అధిగమిస్తుందా?

అధిగమించదు. పెద్ద అద్దం నెబ్యులా వెలుగుతో పాటు వీధిలైట్ల వెలుగుని కూడా అంతే ఎక్కువగా పడుతుంది. ఆకాశం ఎంత చీకటిగా ఉందో చెప్పడానికి జాన్ బోర్టిల్ 2001లో 1 నుంచి 9 దాకా ఒక స్కేలు ఇచ్చాడు, 1 అంటే కారుచీకటి, 9 అంటే నగరం నడిబొడ్డు. 8లో పెద్ద టెలిస్కోప్‌తో రాత్రంతా తీసిన గెలాక్సీ కంటే, 3లో చిన్నదాంతో రెండు గంటలు తీసింది ఎన్నోసార్లు మెరుగ్గా ఉంటుంది. చీకటి చోటికి తీసుకెళ్ళగలగడమే పోర్టబుల్ టెలిస్కోప్‌కి ఉన్న అసలు బలం. వెళ్ళే వీలు లేనివాళ్లు హైడ్రోజన్ 656 నానోమీటర్లు, ఆక్సిజన్ 501 నానోమీటర్లు మాత్రమే వదిలే డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ పెట్టుకుని వెలుగునిచ్చే నెబ్యులాలు తీయండి. గెలాక్సీలు అన్ని రంగుల్లోనూ వెలుగుతాయి, వాటికి ఈ ఫిల్టర్ పెద్దగా సాయం చేయదు.

గ్రహణం కోసం ప్రయాణం చేయాలి, ఏది తీసుకెళ్ళాలి?

ఆలోచించక్కర్లేదు, చిన్నదే. సంపూర్ణ గ్రహణంలో సూర్యుడి చుట్టూ కరోనా (తెల్లటి వెలుగు వలయం) చాలా దూరం పరుచుకుంటుంది, 300 నుంచి 500 మి.మీ. సరిగ్గా సరిపోతుంది. 2027 ఆగస్టు 2న వచ్చే గ్రహణంలో గరిష్ఠంగా ఆరు నిమిషాలకి పైగా చీకటి ఉంటుంది, ఆ ఆరు నిమిషాల్లో బరువైన మౌంట్‌తో కుస్తీ పడకూడదు. పాక్షిక దశ మొత్తం సోలార్ ఫిల్టర్ టెలిస్కోప్ ముందువైపే ఉండాలి, వెనక కాదు. ఆ ఫిల్టర్‌ని సంపూర్ణ దశలో మాత్రమే తీసేయాలి, వెలుగు మళ్ళీ మొదలవగానే పెట్టేయాలి.

## గ్రహాలు

చిన్న టెలిస్కోప్‌తో గురుడు, శని రావా?

వస్తాయి, చిన్నగా. 480 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న 80 మి.మీ. రిఫ్రాక్టర్‌లో, 3.76 మైక్రాన్ల కెమెరాతో గురుడు 31 పిక్సెళ్ల వెడల్పు ఉంటాడు, నాలుగు చంద్రులూ, రెండు పట్టీలూ తెలుస్తాయి. 8 అంగుళాల టెలిస్కోప్, 2.9 మైక్రాన్ల కెమెరా పెడితే 165 పిక్సెళ్లు దాటతాడు, ఎర్రమచ్చా, పట్టీల్లో సుడులూ కనిపిస్తాయి. ఇక్కడ గాలి చెదిరింపు పెద్ద టెలిస్కోప్‌ని ఓడించలేదు, ఎందుకంటే పద్ధతే వేరు: వేల ఫ్రేముల వీడియో తీసి, గాలి ఒక్క క్షణం నిలకడగా ఉన్నప్పుడు పడిన ఫ్రేములని సాఫ్ట్‌వేర్ ఏరి కలుపుతుంది. ఒక్కో వీడియో రెండు మూడు నిమిషాలు మించనివ్వకండి, గురుడు పది గంటల లోపే ఒక చుట్టు తిరుగుతాడు, వివరాలు చెరిగిపోతాయి.

2009 జూలై 19న ఆస్ట్రేలియాలో ఆంథొనీ వెస్లీ అనే ఔత్సాహికుడు తన 14.5 అంగుళాల న్యూటోనియన్‌తో గురుడిని తీస్తుంటే దక్షిణ ధ్రువం దగ్గర కొత్త నల్లమచ్చ కనిపించింది. ఏదో వచ్చి గుద్దుకున్న గుర్తు అది, అతను చెప్పాకే పెద్ద అబ్జర్వేటరీలు అటు తిరిగాయి. గ్రహాల మీదే మీ మనసుంటే పెద్ద అద్దమే కొనండి, రెండో ఆలోచన వద్దు.

## కొన్నాక

చిన్నది కొని తర్వాత పెద్దది కొంటే మొదటి డబ్బు వృథా కాదా?

కాదు. చిన్న రిఫ్రాక్టర్‌ని పెద్దదాని వీపు మీద ఎక్కించి గైడ్ స్కోప్‌గా వాడుకోవచ్చు, ప్రయాణాలకి అదే వెళ్తుంది, పెద్దది ఇరుకైన గెలాక్సీలని తీస్తుంటే పక్కన అదే వెడల్పైన నెబ్యులాలు తీస్తుంది. కెమెరా, గైడ్ కెమెరా, ఫిల్టర్లు, ల్యాప్‌టాప్‌లో నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ అన్నీ పనికొస్తాయి. మౌంట్ ఒక్కటే ఆలోచించాలి, రేపు 8 అంగుళాలకి వెళ్ళే ఉద్దేశం ఉంటే మొదటి రోజే దానికి సరిపోయేది తీసుకోండి.

మధ్యస్తంగా ఒక్కటే కొని అన్నిటికీ వాడుకునే దారి లేదా?

పూర్తిగా లేదు గానీ దగ్గరగా వచ్చేది ఒకటుంది: 150 మి.మీ. ఎఫ్/5 న్యూటోనియన్, 750 మి.మీ. ఫోకల్ లెంగ్త్. కోమా కరెక్టర్ (అంచుల్లో నక్షత్రాలు సాగకుండా చేసే లెన్సు) పెడితే ఏపీఎస్-సీ కెమెరాతో సుమారు 1.8 డిగ్రీలు పడుతుంది, ఓరియన్ నెబ్యులా నిండుగా కూర్చుంటుంది, బార్లో పెడితే గ్రహాలు కూడా మర్యాదగా వస్తాయి. బరువు ఐదారు కిలోలే. గాలికి ఊగుతుంది, కొలిమేషన్ చూసుకోవాలి, ఆండ్రోమెడా అంచులు తెగుతాయి. ఈ మూడింటితో సర్దుకోగలిగితే మంచి ఎంపిక.

ఇంటి మీద శాశ్వతంగా దిమ్మె కట్టి పెద్దది పెట్టుకుంటే?

ఆ వీలు ఉంటే పైన పోర్టబుల్ గురించి నేను చెప్పిన వాదన చాలావరకు పడిపోతుంది, ఎందుకంటే మోసే పనే ఉండదు, పోలార్ అలైన్‌మెంట్ ఒకసారి చేస్తే నెలల తరబడి నిలుస్తుంది. మూడు విషయాలు చూసుకోండి. దిమ్మె స్లాబు మీద కాకుండా స్తంభం మీదకి వచ్చేలా కట్టించండి, లేకపోతే ఎవరైనా పక్కన నడిచినా నక్షత్రాలు వడ్లగింజల్లా సాగుతాయి. ఎండలో రోజంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా వేడి గాలి వదులుతూ ఉంటుంది, మంచి ఫ్రేములు అర్ధరాత్రి తర్వాతే వస్తాయి. నీళ్లు లోపలికి దిగని కవరు వేయండి, అయినా వానాకాలంలో ట్యూబుని కిందికి దించి పొడి చోట పెట్టడమే మంచిది, లెన్సు మీదా అద్దం మీదా ఒకసారి బూజు పట్టిందంటే దాని మచ్చ పోదు.